పదిన్నర గంటల ఊరు: పల్లెల్లో పట్టపగటి దొంగతనాల లెక్క

అనంతపురం జిల్లాలో ఉరవకొండ, కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల్లో రాత్రి దొంగ అంటే తరతరాల భయం ఉంది, ఆ భయానికి తగిన కట్టుబాట్లూ ఉన్నాయి. లోపలి గడియ, వాకిట్లో కుక్క, ఎండాకాలం మిద్దె మీద పడక, వీధి చివర దీపం, అన్నీ రాత్రి కోసమే. పగటి కోసం అలాంటి కట్టుబాటు ఏదీ పుట్టలేదు. వెలుతురే కాపలా అనుకున్నారు. అందుకే ఉదయం పదింటికీ మధ్యాహ్నం ఒంటిగంటకూ నడుమ ఒక ఇంటి తలుపు పగిలి, బీరువా తెరుచుకుని, చీరలన్నీ మంచం మీద కుప్పగా పడి కనిపించినప్పుడు, ఆ ఇంటివాళ్ళతో పాటు ఊరు ఊరంతా బిత్తరపోతుంది.

ఆ సాయంత్రం రచ్చకట్ట దగ్గర నాలుగు మాటలు కలగలిసి వినిపిస్తాయి. ఇది తెలిసినవాళ్ళ పనేనని ఒకరు, మొన్న దుప్పట్లు అమ్ముకోను వచ్చినవాళ్ళే చూసిపోయారని ఇంకొకరు, కెమెరా ఉంటే దొరికేవాళ్ళని ఒకరు, దొరికితే మాత్రం బంగారం చేతికొస్తుందా అని మరొకరు. వినడానికి అంతా ఒకే వాదంలా ఉంటుంది గానీ, అందులో విడివిడి ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. చట్టం ఈ నేరాన్ని ఏమంటుంది, పగలే ఎందుకు జరుగుతోంది, ఊరు తీసుకునే జాగ్రత్తల్లో దేనివల్ల ఎంత ఫలితం, పోయిన సొత్తు ఏ దారిన తిరిగొస్తుంది అన్నవి వేర్వేరు సంగతులు. ఒకదాని జవాబును ఇంకొకదానికి అతికించడం వల్లనే ఈ చర్చ ఎప్పుడూ కోపంతో మొదలై కోపంతోనే ముగుస్తుంది.

ఒకే బీరువా, అయిదు రకాల కేసులు

మనం ‘దొంగతనం’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకునేదాన్ని, 2024 జూలై 1 నుంచి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత అనేక భాగాలుగా చూస్తుంది. ఒకే ఇల్లు, ఒకే బీరువా, అందులో అయిదు తులాల నగలు అనుకుందాం.

ఇంటావిడ తలుపు దగ్గరగా వేసి పక్కింటికి మజ్జిగ కోసం వెళ్ళింది; ఆ కాసేపట్లో ఎవరో లోపలికొచ్చి నగలు పట్టుకుపోయారు. ఇది నివాస గృహంలో దొంగతనం, 305 సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు జైలు పడవచ్చు. అదే ఇంటికి తాళం వేసి ఉండగా దాన్ని పగలగొట్టి దూరితే, దొంగతనానికి తోడు గృహ ఛేదన నేరం చేరుతుంది. 331 సెక్షన్ ప్రకారం శిక్ష పదేళ్ళ దాకా పెరుగుతుంది. ఇంటావిడ లోపలుండగా కత్తి చూపి బెదిరించి తీసుకుంటే అది దోపిడీ, 309 సెక్షన్. ఆ దోపిడీ చేసినవాళ్ళు అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది అయితే 310 సెక్షన్ కింద బందిపోటు దోపిడీ అవుతుంది, యావజ్జీవ శిక్షకు కూడా అవకాశం ఉంటుంది. ఇక చేలో బోరు దగ్గర మోటారు కేబులు కోసుకుపోతే, అది ఇల్లు కాదు గనుక 303 సెక్షన్ కింద మామూలు దొంగతనం, మూడేళ్ళ వరకు శిక్ష.

ఈ తేడాలు వకీళ్ళకే పనికొచ్చేవి అనిపిస్తాయి గానీ, ఠాణా మెట్లెక్కినవాళ్ళకు మొదట తగిలేది ఇవే. మూడేళ్ళు, ఆ పైన, కానీ ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో కేసు కట్టే ముందు డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరిపే వీలు, కేసుల నడకను నిర్దేశించే కొత్త చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173 సెక్షన్ పోలీసులకు ఇచ్చింది. కేబులు దొంగతనం ఆ పరిధిలోకి రావచ్చు. ఇంట్లో దొంగతనానికి గరిష్ఠ శిక్ష సరిగ్గా ఏడేళ్ళు గనుక అది ‘ఏడేళ్ళ లోపు’ కాదు. తాళం పగలగొట్టినది అంతకన్నా కాదు. ‘విచారించి తర్వాత కేసు కడతాం’ అన్న మాట మోటారు కేబులుకు చట్టబద్ధం కావచ్చు గానీ, బీరువాకు కాదు.

పగలు పదేళ్ళు, రాత్రి పద్నాలుగేళ్ళు

ఇల్లు ఛేదించి దొంగతనం చేయడానికి పగలైతే గరిష్ఠ శిక్ష పదేళ్ళు, రాత్రయితే పద్నాలుగేళ్ళు. రాత్రి అంటే చట్టానికి గడియారంతో పనిలేదు. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు. ఈ విభజన కొత్త చట్టం తెచ్చింది కాదు, 1860 నాటి ఐపీసీలో 454, 457 సెక్షన్లుగా ఉన్నదే అంకెలు మారి కొనసాగుతోంది.

ఎందుకీ తేడా? రాత్రి ఇంట్లో మనుషులు నిద్రలో ఉంటారు, దొంగ ఎదురుపడితే ప్రాణం మీదికొస్తుంది, సాయం పిలిచినా అందదు అన్నది పాత తర్కం. పగటి దొంగ ఖాళీ ఇంటినే ఎంచుకుంటాడు, మనిషి కనిపిస్తే పారిపోతాడు, కనుక అతని వల్ల ప్రాణభయం తక్కువ అన్నది అందులోనే ఉన్న రెండో సగం. ఈ తర్కాన్ని తప్పుపట్టేవాళ్ళూ ఉన్నారు. పోయిన తులాలు పగలైనా రాత్రైనా అవే తులాలు, పైగా పగటి దొంగకు ఇప్పుడు పని సులువైంది, సులువైన నేరానికి తక్కువ శిక్ష ఏమిటి అని వాళ్ళ ప్రశ్న. రెండు వైపులా బలం ఉంది. చట్టం కొలిచేది ముప్పును, ఊరు కొలిచేది నష్టాన్ని.

చిక్కు ఇంకోచోట ఉంది. ఒక కుటుంబం తెల్లవారుజామున తిరుమలకు బయలుదేరి మర్నాడు రాత్రి తిరిగొచ్చింది, ఇల్లు దోచుకుపోయి ఉంది. దొంగ ఎప్పుడొచ్చాడు? ఎవరూ చూడలేదు. రాత్రే వచ్చాడని నిరూపించలేనప్పుడు ఆ సందేహం ముద్దాయికే లాభిస్తుంది. వీధిలో ఒక కెమెరా ఉంటే ముఖం కనిపించకపోయినా వేళ తెలుస్తుంది, ఆ వేళను బట్టి సెక్షనే మారవచ్చు. కెమెరా ఉపయోగం ముఖం పట్టివ్వడమే అనుకునేవాళ్ళు గమనించని సంగతి ఇది.

బీగంచెవి తులసికోటలో పెట్టి వెళితే

మా వైపు తాళాన్ని బీగం అంటాం. మా అమ్మ చేనికి వెళుతూ బీగంచెవిని తులసికోట గూట్లో పెట్టేది. వీధిలో పదిమందికి ఆ సంగతి తెలుసు, ఆ పదిమందికీ తెలియడమే దానికి భద్రత. బడి నుంచి ముందుగా వచ్చిన పిల్లవాడు తీసుకోవచ్చు, వాన పడితే పక్కింటావిడ తలుపు తీసి ఆరేసిన బట్టలు లోపల వేయవచ్చు. ముక్కూమొహం తెలియనివాడు తులసికోట దగ్గర వంగితే మాత్రం ఎవరో ఒకరు ‘ఎవరు నాయనా?’ అని అడుగుతారు. ఆ అడిగే మనిషి లేని రోజున అదే గూడు దొంగకు తెరిచిన తలుపు.

అలా దొరికిన చెవితో తలుపు తీసుకుని లోపలికెళితే అది తాళం పగలగొట్టినట్టేనా? చట్టం అవుననే అంటుంది. ఇంటివాళ్ళు పోగొట్టుకున్న తాళంచెవి దొరికినవాడు దానితో తలుపు తెరిచి ప్రవేశించడం, తలుపు సందులోంచి తీగ పోనిచ్చి గొళ్ళెం ఎత్తడం, కిటికీ గుండా దూరడం, ఇవన్నీ గృహ ఛేదనకు చట్టమే ఇచ్చిన ఉదాహరణలు. మన మట్టి మిద్దెల గవాక్షిలోంచి దిగినా అంతే, మనిషి రాకపోకలకు ఉద్దేశించని దారి కాబట్టి.

కానీ బీమా పత్రం దగ్గరికి వచ్చేసరికి ఇదే సంగతి తలకిందులవుతుంది. చోరీకి బీమా ఇచ్చే పాలసీలు చాలావాటిలో ‘బలప్రయోగంతో ప్రవేశించి ఉండాలి’ అనే షరతు ఉంటుంది. హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ కేసులో 2004లో సుప్రీంకోర్టు, పాలసీలో ఆ షరతు ఉన్నప్పుడు బలప్రయోగం లేని దొంగతనానికి పరిహారం రాదని, శిక్షాస్మృతిలోని నిర్వచనాలను తెచ్చి పాలసీ మాటలకు అతికించలేమని తేల్చింది. అంటే తులసికోటలోని చెవితో జరిగిన దొంగతనం పోలీసులకు గృహ ఛేదన, బీమా సంస్థకు మాత్రం చెల్లింపు అవసరం లేని నష్టం కావచ్చు. మన పల్లెల్లో ఇంటి బీమా ఉన్న ఇళ్ళు అరుదు గనుక ఈ చిక్కు పట్టణాల్లో ఇల్లు కట్టుకున్నవాళ్ళకే ఎక్కువ ఎదురవుతుంది.

పగటిపూట ఊరు ఎప్పటి నుంచి ఖాళీ అయింది

పగటి దొంగతనాల మీద ప్రపంచమంతా చెప్పుకునే ఒక వివరణ 1979లో వచ్చింది. లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే అమెరికన్ పరిశోధకులు, నేరం జరగడానికి మూడు ఒకేచోట కలవాలన్నారు: చేయాలన్న ఉద్దేశం ఉన్నవాడు, అందుబాటులో ఉన్న సొత్తు, కాపాడే మనిషి లేకపోవడం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ రాబడి పెరిగినా, చదువులు పెరిగినా పగటి దొంగతనాలు ఎందుకు పెరిగాయన్న ప్రశ్నకు వాళ్ళ జవాబు సూటిగా ఉంది. ఆడవాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళడంతో పగలు ఇళ్ళు ఖాళీ అయ్యాయి, ఇంట్లోని సామాన్లు ఖరీదూ పెరిగి బరువూ తగ్గాయి.

రెండో మాట మనకు చక్కగా సరిపోతుంది. మేలిమి బంగారం పది గ్రాముల ధర 2025లో లక్ష రూపాయలు దాటింది. పది తులాలు గుప్పిట్లో పడతాయి, విలువ పది లక్షల పైమాటే. అదే పది లక్షలకు వేరుశెనగ లెక్క వేసి చూస్తే, 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయల చొప్పున దాదాపు 138 క్వింటాళ్ళు కావాలి. శెనక్కాయ మూటలు ఇంటి నిండా ఉన్న రోజుల్లో పగటి దొంగకు అవి మోయలేని బరువు. ఇప్పుడు అదే రాబడి గొలుసుగా మారి చొక్కా జేబులో ఇముడుతుంది.

మొదటి మాట మాత్రం రాయలసీమకు అలాగే సరిపోదు. ఇక్కడ ఆడవాళ్ళు కొత్తగా పనికి వెళ్ళిందేమీ లేదు. శెనక్కాయ కలుపు తీయడం, పీకడం, కాయలు వలవడం ఎప్పటినుంచో వాళ్ళ పనే, పగలు వాళ్ళు ఎప్పుడూ ఇంట్లో లేరు. 2006 ఫిబ్రవరిలో నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పని వల్ల ఊరు ఖాళీ అయిందని కొందరు అంటారు గానీ, పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చే ఆ పని కంటే చేని పని ఎక్కువసేపు మనిషిని బయట ఉంచేది. నా దృష్టిలో తేడా వచ్చింది పనికి వెళ్ళేవాళ్ళలో కాదు, ఇంటి పట్టున మిగిలేవాళ్ళలో. అప్పుడు అరుగు మీద ఒక అవ్వ తమలపాకులు నూరుకుంటూ కూర్చునేది, వీధిలో బడి మానేసిన పిల్లలు గోలీలాడేవాళ్ళు. ఇప్పుడు పిల్లలు పొద్దున్నే బస్సెక్కి బడికో హాస్టలుకో పోతున్నారు. అది మంచికే జరిగిన మార్పు. కొడుకులు బెంగళూరులో ఉంటే అవ్వ ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ. ఊరిని చూసే కళ్ళు జీతం లేని కాపలా చేస్తున్నాయని, అవి పోయేదాకా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇల్లు కూడా మారింది. గోడకు గోడ ఆనుకున్న పాత మిద్దెల వీధిలో ఒక ఇంట్లో బిందె జారిపడితే రెండో ఇంటికి వినిపించేది. ఊరి బయట కాలనీలో కట్టుకున్న కొత్త ఇంటికి చుట్టూ ఖాళీ స్థలం, ఆరడుగుల ప్రహరీ, ఇనుప గేటు ఉంటాయి. ఆ ప్రహరీ ఎక్కేవరకే దొంగకు అడ్డం, దిగిన తర్వాత అదే అతనికి చాటు. లోపల గడ్డపారతో తలుపు పెకలిస్తున్నా వీధిలో పోయేవాళ్ళకు కనిపించదు. తలారి ఊరు తిరిగి, కొత్త ముఖాల సంగతి పైకి చేరవేసే పద్ధతి కూడా, 1984లో కరణం, మునసబు పదవులు రద్దయిన తర్వాత క్రమంగా పల్చబడిపోయింది. 2019లో గ్రామ సచివాలయాలతో పాటు వచ్చిన మహిళా పోలీసులు ఆ ఖాళీని కొంత పూరించవలసినవాళ్ళే గానీ, వాళ్ళ మీద పడిన మిగతా పనుల మధ్య అది ఎంతవరకు సాధ్యమైందన్నది ఊరూరికీ మారుతుంది.

ఖాళీ అయ్యే వేళలు దొంగకు ఎలా తెలుస్తాయి అన్నది పెద్ద రహస్యమేమీ కాదు. శెనక్కాయ పీకే అక్టోబరు, నవంబరు నెలల్లో ఊరంతా చేలల్లోనే ఉంటుంది. పక్క ఊళ్ళో దేవర (గ్రామదేవత జాతర) అయితే బంధువులంతా అక్కడే, గూగూడు పీర్ల పండుగయితే ఆటోలన్నీ అటే. ఒకరు చనిపోతే దినం రోజున ఆ కుటుంబంలో ఇల్లు పట్టుకుని ఉండేవాళ్ళు మిగలరు. వీటిలో ఏ తేదీ తెలుసుకోవడానికీ గూఢచర్యం అక్కరలేదు, కొన్ని వాట్సాప్ స్టేటస్‌లోనే ఉంటాయి.

నిజంగా పెరిగాయా, పెరిగినట్టు అనిపిస్తున్నాయా

మూడొందల గడప ఉన్న ఊళ్ళో పోయిన ఏడాది ఒక దొంగతనం, ఈ ఏడాది మూడు జరిగాయనుకుందాం. ‘మూడు రెట్లు పెరిగాయి’ అనడం అంకెల ప్రకారం సరైనదే. కానీ ఆ మూడూ ఒకే వారంలో ఒకే ముఠా చేసినవైతే, ఆ ముఠా పట్టుబడగానే వచ్చే ఏడాది సున్నా అవుతుంది, అప్పుడు ‘పూర్తిగా అరికట్టారు’ అన్న మాట కూడా అంతే సరైనది, అంతే అర్థం లేనిది. చిన్న అంకెల మీద శాతాలు కడితే ఎటు కావాలంటే అటు వంగుతాయి.

ఇంకో మెలిక జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలది. ఒక ఎఫ్ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా అన్నింటికంటే తీవ్రమైనదాని కిందే దాన్ని లెక్కిస్తారు. ఇల్లు ఛేదించి దోచే క్రమంలో ముసలామెను చంపితే, ఆ కేసు హత్యల పట్టికలో చేరుతుంది, చోరీల పట్టికలో కనిపించదు. పైగా 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి, కర్నూలు నుంచి నంద్యాల, కడప, చిత్తూరుల నుంచి అన్నమయ్య జిల్లాలు విడిపోయాయి గనుక, అంతకుముందు జిల్లా అంకెను ఇప్పటి జిల్లా అంకె పక్కన పెట్టి పోల్చేవాళ్ళు ముందు ఆ సరిహద్దు చూసుకోవాలి.

అయితే గ్రామస్థుల భయంలో ఒక భాగానికి పరిశోధనల బలం ఉంది. ఒక ఇంట్లో దొంగతనం జరిగిన తర్వాత కొద్ది వారాల పాటు ఆ ఇంటికీ, చుట్టుపక్కల ఇళ్ళకూ ముప్పు మామూలు కంటే ఎక్కువగా ఉంటుందని చాలా దేశాల్లో తేలింది. దారి తెలిసిపోయింది, పారిపోయే సందు తెలిసిపోయింది, పగలగొట్టిన తలుపుకు ఇంకా కొత్త గడియ పడలేదు. ఒకసారి జరిగింది కదా, ఇక రాడులే అన్న ఊరట ఆ లెక్కకు ఎదురు.

కెమెరా, గస్తీ, కొత్తవాళ్ళపై నిషేధం: ఊరు చేసే మూడు పనులు

మొదటి కదలిక సాధారణంగా కెమెరాల చందా. సర్పంచి కొంత, దుకాణాలవాళ్ళు కొంత వేసుకుని ఊరి మొగదల రెండు, గుడి దగ్గర ఒకటి పెడతారు. వాటికి సమర్థన స్పష్టంగానే ఉంది: ఏ బండి ఏ వేళకు ఊళ్ళోకి వచ్చింది, ఎటు పోయిందన్నది తెలుస్తుంది, దర్యాప్తుకు అదే మొదటి దారం. పెదవి విరిచేవాళ్ళు చెప్పేదీ నిజమే. హెల్మెట్ ముఖాన్ని దాస్తుంది, దొంగ వెనక చేల గట్టు మీదుగా వస్తే ఊరి మొగదల కెమెరాకు పని లేదు, కరెంటు పోతే అదీ పోతుంది, రికార్డు కొన్ని రోజులకు దానంతట అదే చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది. దృశ్యం కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63 సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జత కావాలి, అంటే కెమెరా సొంతదారు కూడా కేసులో సంతకం పెట్టే మనిషవుతాడు. చందా వేసే రోజున ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఊరు విడిచి వెళ్ళేవాళ్ళ కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ళ నిఘా వ్యవస్థ) అనే యాప్ తెచ్చారు. వెళ్ళే ముందు యాప్‌లో కోరితే ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా అమరుస్తారు, ఎవరైనా దూరితే కంట్రోల్ రూముకు సంకేతం వెళుతుంది. నాలుగు రోజుల తిరుమల ప్రయాణానికి ఇది బాగా కుదిరే ఏర్పాటు. రోజూ తొమ్మిదికి చేనికి వెళ్ళి రెండింటికి తిరిగొచ్చే ఇంటికి కుదరదు. పగటి దొంగ చూసేది ఆ అయిదు గంటలే.

రెండోది గస్తీ. కుర్రవాళ్ళు వంతులేసుకుని కర్రలు పట్టుకుని తిరగడం మూడు వారాలు ఉత్సాహంగా సాగుతుంది, అదీ రాత్రిపూట, దొంగతనం పగలు జరిగినా. ఇంగ్లాండ్‌లో రోచ్‌డేల్ పట్టణం దగ్గర కిర్క్‌హోల్ట్ అనే కాలనీలో 1980లలో దీనికి భిన్నమైన ప్రయోగం జరిగింది. కాలనీ అంతా కాపలా కాయించకుండా, దొంగతనం జరిగిన ఇంటి చుట్టూ ఉన్న అయిదారు ఇళ్ళవాళ్ళను మాత్రమే ఆ ఇంటి మీద కన్నేసి ఉంచమన్నారు. ఇళ్ళలో డబ్బులు వేసే గ్యాస్, కరెంటు మీటర్లే దొంగలకు ఆకర్షణ అవుతున్నాయని గ్రహించి వాటిని తీసేశారు. దొంగతనాలు గణనీయంగా తగ్గాయి. అది అద్దె ఇళ్ళ పట్టణ కాలనీ, మనది చేల మధ్య పల్లె. అయినా ముప్పు ఎక్కువున్న ఇంటి దగ్గరే కళ్ళు ఉంచడం అన్న ఆలోచన మన వీధి పద్ధతికి దూరమేమీ కాదు.

మూడోదే అన్నింటికంటే సున్నితమైనది: ఊళ్ళోకి కొత్తవాళ్ళు రాకూడదని బోర్డు పెట్టడం. దుప్పట్లు, ప్లాస్టిక్ బిందెలు, స్టవ్ రిపేరు, పాత ఇనుము అంటూ తిరిగేవాళ్ళు ఇళ్ళు చూసిపోతారన్న అనుమానం పూర్తిగా గాలిమాట కాదు, అమ్మకందారుల వేషంలో రెక్కీ చేసే ముఠాల గురించి పోలీసులే హెచ్చరిస్తుంటారు. అయితే దేశంలో ఎక్కడికైనా వెళ్ళే హక్కు, వృత్తి చేసుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చినవి, చట్టం ఆధారం లేకుండా పంచాయతీ బోర్డు వాటిని ఆపలేదు. పేరు, ఫోన్ నంబరు అడిగి పుస్తకంలో రాసుకోవడం ఒకటి, రానివ్వకపోవడం ఇంకొకటి.

ఈ అనుమానానికి ఇక్కడ పాత చరిత్ర కూడా ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాల్లో పుట్టడాన్నే నేరంగా చూసింది. మద్రాసు రాష్ట్రంలో ఎరుకలవంటి సంచార సమూహాలు ఠాణాలో హాజరు వేయించుకోకుండా ఊరు దాటలేని కాలం అది. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది గానీ, ఊళ్ళో వస్తువు పోగానే ముందు గుడారాల వైపు చూసే అలవాటు దానితో పాటు రద్దు కాలేదు. 2018 మే నెలలో పార్థీ ముఠాల పేరిట, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళ పేరిట వాట్సాప్‌లో పాకిన వదంతులకు తెలుగు రాష్ట్రాల్లో అమాయకులు దెబ్బలు తిన్నారు, ప్రాణాలూ పోగొట్టుకున్నారు. ఆ ఏడాది జూలైలోనే మూకదాడుల నివారణకు సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. ఇప్పుడు న్యాయ సంహిత 103 సెక్షన్, పుట్టిన చోటు, భాష, కులం వంటి కారణాలతో అయిదుగురు లేదా ఎక్కువమంది కలిసి మనిషిని చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం అంటోంది.

కళ్ళెదుట దొంగ దొరికితే ఏమిటి? తన సమక్షంలో బెయిలుకు వీల్లేని, పోలీసులు నేరుగా అరెస్టు చేయదగిన నేరం చేసినవాణ్ణి మామూలు పౌరుడూ పట్టుకోవచ్చు. ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలని సురక్షా సంహిత 40 సెక్షన్ చెబుతోంది. పట్టుకోవడానికే ఆ అధికారం. చెట్టుకు కట్టేసి కొట్టడం మొదలైతే, అప్పటిదాకా బాధితులుగా ఉన్నవాళ్ళ మీదనే ఇంకో ఎఫ్ఐఆర్ తయారవుతుంది.

బంగారాన్ని ఇల్లు దాటించడం

చాలా కుటుంబాలు మాట్లాడకుండా చేసే పని ఇది. లాకరు అంటే పోయినదంతా బ్యాంకు కట్టిస్తుందన్న నమ్మకం బలంగా ఉంది. 2022 జనవరి 1 నుంచి అమలైన రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం వంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె 2,000 రూపాయలైతే గరిష్ఠంగా రెండు లక్షలు, లోపల పది లక్షల నగలున్నా. తాకట్టు పెట్టిన బంగారం సంగతి వేరు, అది బ్యాంకు తూకం వేసి రాసుకుని తన స్వాధీనంలో ఉంచుకున్న వస్తువు. అందుకే పంట రుణం పేరుతో నగలు కుదువ పెట్టి, పెళ్ళిళ్ళకు మాత్రమే విడిపించే ఇళ్ళు ఈ జిల్లాల్లో చాలా ఉన్నాయి. వడ్డీని కాపలా కూలిగా లెక్కేసుకుంటారు. ఆ పెళ్ళి వారమే నగలు ఇంట్లో ఉండేది, అందరూ ఇల్లు వదిలి వెళ్ళేదీ ఆ వారమే.

దొంగ దొరికాడు, మరి గొలుసు?

కేసు పెట్టడం దగ్గర కొత్త చట్టం కొన్ని వెసులుబాట్లు ఇచ్చింది. బెంగళూరులో ఉంటున్న కొడుకు, ఊళ్ళో ఇల్లు దోచుకుపోయిందని తెలిసి అక్కడి ఠాణాలోనే జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వవచ్చు, అది ఇక్కడికి బదిలీ అవుతుంది. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలపాలని సురక్షా సంహిత 193 సెక్షన్ చెబుతోంది.

తర్వాతి సంగతులు అంత తేలిక కాదు. ఊరంతా వచ్చి బీరువా తడిమి చూసిన తర్వాత క్లూస్ టీం తీసే వేలిముద్రల్లో పక్కింటివాళ్ళవే ఎక్కువ. దొంగ ముద్ర దొరికినా, అతను పాత నేరస్థుడై రికార్డులో ఉంటేనే అది పేరుగా మారుతుంది. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యం కాదు. అతను చూపించిన చోట సొత్తు దొరికితే, ఆ దొరకడానికి దారితీసిన మాట మాత్రమే చెల్లుతుంది. దొంగతనం జరిగిన కొద్దికాలానికే ఆ సొత్తు ఎవరి దగ్గర దొరికితే, సరైన కారణం చూపలేనప్పుడు అతనే దొంగ లేదా తెలిసి తీసుకున్నవాడు అని కోర్టు భావించవచ్చు. కుదువ అంగడివాడు ‘నాకు తెలియదు’ అన్నంత మాత్రాన వస్తువు అతనిది కాదు. దొంగకు లేని హక్కు అతని చేతి నుంచి తీసుకున్నవాడికి రాదు.

అసలు అవరోధం కరిగించడం. గొలుసు ముద్ద అయిన తర్వాత అది ఎవరిదని చెప్పడానికి తూకం తప్ప గుర్తు మిగలదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మే హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య, ఉండాలి. బిల్లులో ఆ సంఖ్య ఉన్నవాళ్ళకు, నగ నగగానే దొరికితే, అది తమదని చూపించడం నిమిషాల పని. అవ్వ కాలం నాటి కాసులపేరుకు బిల్లు లేదు, సంఖ్య లేదు. పెళ్ళి ఫొటోలో మెడలో కనిపించడమే దాని రుజువు.

విలేకరుల సమావేశంలో బల్ల మీద పరిచిన నగల్లో తన గొలుసును చూసిన మనిషి, అది మర్నాడే చేతికొస్తుందనుకుంటుంది. అది కోర్టు ద్వారానే రావాలి. కేసు తేలేదాకా సొత్తును ఏళ్ళ తరబడి ఠాణాలో పడేయడం సరికాదని, పంచనామా, ఫొటోలు తీసుకుని పూచీకత్తు మీద యజమానికి త్వరగా ఇవ్వాలని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సురక్షా సంహిత 497 సెక్షన్ దానికి గడువు పెట్టింది: సొత్తు కోర్టు ముందుకొచ్చిన పద్నాలుగు రోజుల్లో వివరాల పట్టీ, ఫొటోలు, ఆ తర్వాత ముప్పై రోజుల్లో దాన్ని ఏం చేయాలన్న ఉత్తర్వు.

అలా బాండు రాసిచ్చి ఇంటికి తెచ్చుకున్న గొలుసును ఆమె మెడలో వేసుకోవచ్చు. మామూలుగా ఆ బాండు షరతుల్లో అమ్మకూడదని, రూపం మార్చకూడదని, పిలిచిన రోజు తెచ్చి చూపాలని ఉంటుంది. దొంగ లాగినప్పుడు వంగిపోయిన కొక్కేన్ని సరిచేయించాలన్నా ఆమె ముందు వకీలును అడగాల్సి వస్తుంది, వాయిదా వాయిదాకూ ఆ గొలుసు కూడా ఆమెతో పాటు బస్సెక్కాల్సి రావచ్చు.